వర్జీనియా తోటదొర జార్జి మెనిఫీ – ఆయన పట్టాలో ఒక ఈస్టిండియను

మన ద్వీపంలో ఏ తెలుగువారింట శుభకార్యం జరిగినా, రామభజన ముగిసి ప్రసాదాలు పంచిన తరువాత పెద్దలు నలుగురూ ఒకచోట చేరితే తప్పక వచ్చే ప్రశ్నలు రెండున్నాయి. మన తాతలు ఏ తోటలో పనిచేశారన్నది ఒకటి. వాళ్ళు ఏ ఊరి నుండి వచ్చారన్నది రెండవది. తోట పేరు అందరికీ తెలుసు. ఊరి పేరు మాత్రం కొన్ని ఇళ్ళలోనే తెలుసు. తెలిసినవారు చాలామంది దానిని ఒక కాగితం చూసి తెలుసుకున్నవారే. ఆ కాగితం రాసింది మన తాతలు కారు. ఓడ దిగినప్పుడు దొరల గుమాస్తా రాశాడు.

ఈ వ్యాసం అటువంటి ఒక కాగితాన్ని గురించి. అయితే అది మన మారిషస్ కాగితం కాదు. కోరంగి రేవు నుండి మనవారి ఓడలు బయలుదేరడానికి రెండు వందల సంవత్సరాలకు పూర్వం అమెరికాలో పుట్టిన కాగితం అది. దాని యజమాని పేరు జార్జి మెనిఫీ. నేడు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో భాగమైన వర్జీనియా అప్పట్లో ఇంగ్లీషు వారి వలస రాజ్యం. మెనిఫీ అక్కడ పొగాకు తోటల యజమాని, వర్తకుడు, రాజకీయవేత్త. ఆయన జీవితాన్ని తెలుసుకుంటే తోటదొర అనేవాడు ఎలా తయారవుతాడో, కూలివాని పేరు కాగితం మీదికి ఎందుకు ఎక్కుతుందో మనకు బోధపడుతుంది. అందుకే పాఠకుల ముందు పెడుతున్నాను.

తలకు యాభై ఎకరాలు

ముందు ఆ దేశపు పరిస్థితి కొంత తెలియాలి. 1607లో లండను వర్తకుల కంపెనీ ఒకటి వర్జీనియా తీరాన జేమ్స్‌టౌన్ అనే చోట ఒక చిన్న కోట కట్టింది. మొదటి సంవత్సరాలలో అక్కడికి పోయినవారు ఆకలితో, జ్వరాలతో గుంపులు గుంపులుగా చనిపోయారు. అనుకున్న బంగారం దొరకలేదు. 1612 ప్రాంతంలో జాన్ రోల్ఫ్ అనే ఆయన పొగాకు సాగు మొదలుపెట్టిన తరువాత గాని ఆ వలస నిలదొక్కుకోలేదు. మనకు చెరకు ఎలాగో వారికి పొగాకు అలాగ. నారు పోయాలి, మొక్కలు నాటాలి, తలలు తుంచాలి, పురుగులు ఏరాలి, ఆకు కోసి ఆరబెట్టాలి. పైగా ఆ పంట నాలుగైదేళ్ళలో భూమి సారమంతా పీల్చేస్తుంది. కనుక కొత్త భూమి కావాలి, దాన్ని దున్నేందుకు కొత్త చేతులు కావాలి.

ఈ రెండు అవసరాలనూ ఒకే ముడితో కట్టారు కంపెనీవారు. 1618లో వారు ఒక పద్ధతి పెట్టారు. ఎవరైనా తన ఖర్చుతో ఒక మనిషిని ఓడ ఎక్కించి వర్జీనియాకు తెస్తే, ఆ తెచ్చినవానికి 50 ఎకరాల భూమి ఇస్తారు. పదిమందిని తెస్తే 500 ఎకరాలు. దీనిని తలహక్కు అనవచ్చు. పాఠకులు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆ 50 ఎకరాలు సముద్రం దాటి వచ్చినవానికి కాదు, వాని ఓడ కేవు కట్టినవానికి.

అలా వచ్చిన ఇంగ్లీషు పేదలు ఒప్పంద కూలీలు. సాధారణంగా నాలుగేళ్ళ నుండి ఏడేళ్ళ దాకా కూలి లేకుండా, తిండికీ బట్టకీ పనిచేయాలి. గడువు తీరినప్పుడు కొంత మొక్కజొన్న, ఒక జత బట్టలు ఇచ్చి పంపేవారు. ఒప్పందాన్ని ఒకే కాగితం మీద రెండు ప్రతులుగా రాసి, మధ్యన రంపపు పళ్ళవలె కోసి చెరొక ముక్క ఇచ్చేవారు. తగవు వస్తే రెండు ముక్కల పళ్ళూ కలుస్తాయా లేదా అని చూసేవారు. ఇండెంచర్ అన్న పేరు ఆ పళ్ళ కోత నుండి వచ్చినదే. మన పూర్వీకుల మెడకు పడిన ఆ మాట ఇంత పాతది. ఫిజీలోని మన సోదరులు దానినే గిర్మిట్ అంటారు. అది ‘అగ్రిమెంట్’ అన్న మాటకు కూలీల నోట పడిన రూపం.

మరి పంచిపెట్టిన ఆ ఎకరాలు ఎవరివి? అవి పౌహాటన్ తెగలవారివి. తరతరాలుగా ఆ నదుల ఒడ్డున మొక్కజొన్న పండించుకుంటూ బ్రతికినవారివి. 1622 మార్చిలో వారు తిరగబడి 347 మంది వలసదారులను చంపారు. దాని తరువాత ఏళ్ళ తరబడి జరిగిన యుద్ధంలో వారు క్రమంగా వెనక్కు నెట్టబడ్డారు. మెనిఫీ వర్జీనియాలో కాలుపెట్టినది ఈ యుద్ధకాలంలోనే.

వర్తకుడు దొర అయిన విధం

మెనిఫీ 1623 ప్రాంతంలో ‘శామ్యూల్’ అనే ఓడలో జేమ్స్‌టౌన్ చేరాడు. అప్పుడు మొత్తం వర్జీనియాలో ఉన్న వలసదారులు పన్నెండు వందలు మించరు. అంత చిన్న సమాజంలో లెక్క తెలిసినవానికి, చట్టం తెలిసినవానికి పైకి రావడానికి చాలా దారులుంటాయి. మెనిఫీకి రెండూ తెలుసు. ఊళ్ళో నదివైపు ఒక స్థలం తీసుకుని వ్యాపారం పెట్టాడు. ఇంగ్లండు నుండి వచ్చే బట్ట, పనిముట్లు, సారా, చెప్పులు తోటవారికి అప్పుగా ఇచ్చి, పంట రాగానే పొగాకు రూపంలో బాకీ వసూలు చేసుకునేవాడు. ఆ దేశంలో నాణెం దాదాపు లేదు. జీతం, పన్ను, జరిమానా, పురోహితుని దక్షిణ అన్నీ పొగాకు తూకమే. పొగాకు ఎవరి గోదాములో చేరితే వారిదే అధికారం. ఇతరుల తరపున కోర్టులో వాదించే పని కూడా ఆయన చేసేవాడు.

1619లోనే వర్జీనియాలో ఎన్నికైన సభ ఒకటి ఏర్పడింది. అమెరికా ఖండంలో ఇంగ్లీషు వలసలవారి మొదటి శాసనసభ అదే. 1629లో మెనిఫీ దానిలో సభ్యుడయ్యాడు. 1635 నాటికి గవర్నరుగారి ఆలోచనసభలో స్థానం సంపాదించాడు. గవర్నరుతో కలిసి పరిపాలన చేసేదీ, పెద్ద కోర్టుగా కూర్చునేదీ ఆ సభే. పన్నెండేళ్ళలో ఒక వర్తకుడు రాజ్యంలో పదిమంది పెద్దలలో ఒకడయ్యాడు.

ఆ సంపద ఎలా ఉండేదో చూసి రాసినవాడు ఒకడున్నాడు. డి వ్రీస్ అనే హాలెండు నావికుడు 1633 మార్చిలో ఆ నది మీదుగా పోతూ, జేమ్స్‌టౌన్ దగ్గర లిటిల్‌టౌన్ అన్న చోట మెనిఫీ ఇంట దిగాడు. రెండెకరాల తోటలో గులాబీలు, ఆపిలు, బేరి, చెర్రీ చెట్లు, సువాసన గల ఆకుమొక్కలు ఉన్నాయని తన ప్రయాణ గ్రంథంలో రాశాడు. ఇంటి చుట్టూ పీచు పళ్ళ చెట్లు ఉన్నాయనీ, అవి అప్పుడే పూతకు వస్తున్నాయనీ రాశాడు. ఉత్తర అమెరికాలో పీచు చెట్టును గురించిన తొలి వర్ణనలలో ఇది ఒకటని నేటికీ చెప్పుకుంటారు.

ఆ చెట్లకు పాదులు తవ్వినవారెవరో, నీళ్ళు పోసినవారెవరో ఆ నావికుడు రాయలేదు. అతిథి పందిరి చూస్తాడు గాని పాలేరును చూడడు గదా! మన ద్వీపంలో పెద్ద ఎస్టేటు బంగళాలను పొగుడుతూ రాసిన పుస్తకాలలో కూడా ఇంతే. చెట్ల పేర్లు కనిపిస్తాయి, తోటమాలి పేరు కనిపించదు.

గవర్నరును దింపిన రోజు

మెనిఫీ పేరు అమెరికా చరిత్ర పుస్తకాలలో నిలిచినది ముఖ్యంగా 1635 ఏప్రిల్ 28వ తేదీ వల్ల. అప్పటి గవర్నరు సర్ జాన్ హార్వీ. ఆయన కోపిష్టి. ఆలోచనసభవారిని లెక్కచేయడం లేదన్న అసంతృప్తి చాలాకాలంగా ఉన్నది. ఇంతలో రాజుగారు వర్జీనియా పొగాకు మొత్తాన్ని తమ ఏర్పాటు ప్రకారమే కొనాలని తలపెట్టారు. తోటవారు దానికి ఒప్పుకోలేమని రాజుకు విన్నపం రాసి గవర్నరు చేతికిచ్చారు. హార్వీ ఆ కాగితాన్ని ఇంగ్లండుకు పంపకుండా తన దగ్గరే ఉంచుకున్నాడు. సంగతి బయటపడి ప్రజలు సభలు పెట్టారు. గవర్నరు ముగ్గురిని పట్టి బంధించి, సైనిక చట్టం కింద శిక్షించాలని చూశాడు. ఆలోచనసభవారు అందుకు సమ్మతించలేదు. మామూలు చట్ట ప్రకారం విచారించాలని పట్టుబట్టారు.

అక్కడ ఉన్న మరో సభ్యుడు శామ్యూల్ మాథ్యూస్ రాసిన ఉత్తరం వల్ల తరువాతి కథ తెలుస్తున్నది. ప్రజలు ఎందుకు మొరపెడుతున్నారని గవర్నరు మెనిఫీని అడిగాడు. మీరు రాజుగారికి పోవలసిన ఉత్తరాలను ఆపడమే ముఖ్య కారణమని మెనిఫీ ఎదురుగానే చెప్పాడు. హార్వీ మండిపడి లేచి వచ్చి, ఆయన భుజం మీద బలంగా కొట్టి, రాజద్రోహం అనుమానంతో నిన్ను బంధిస్తున్నానన్నాడు. పక్కనున్న జాన్ యూటీ వెంటనే, మేమూ తమరిని అదే నేరానికి బంధిస్తున్నామన్నాడు. ముందుగానే ఏర్పాటు చేసుకున్న సాయుధులు ఇంటి చుట్టూ నిలబడి ఉన్నారు. గవర్నరు దిగిపోక తప్పలేదు. ఆయనను ఓడ ఎక్కించి ఇంగ్లండుకు పంపారు. అమెరికా వలసవారు తమ గవర్నరును తామే తొలగించిన ఈ సంఘటన స్వాతంత్ర్య ప్రకటనకు 141 సంవత్సరాల ముందు జరిగింది.

ధైర్యం కలిగిన పనే, కాదనము. మాకు చెప్పకుండా పన్నులు వేయరాదు, విచారణ లేకుండా మనిషిని బంధించరాదు, మా మొర రాజుకు చేరాలి అని ఆనాడు వారన్నారు. ఈ మాటలను ఎవరు కాదనగలరు? మన పెద్దలు కూడా ఇదే మారిషస్‌లో ఇవే మాటలు చెప్పారు.

అదే సంవత్సరం, మరొక కాగితం

అదే 1635కు సంబంధించి మెనిఫీ పేర మరొక కాగితం కూడా ఉన్నది. అది భూమి పట్టా. ఆయన తన ఖర్చు మీద తెచ్చిన మనుషుల పేర్లు దానిలో వరుసగా రాసి, తలకు 50 ఎకరాల చొప్పున లెక్కకట్టారు. ఆ పేర్ల నడుమ ఒకచోట ఇలా ఉన్నది: టోనీ, ఈస్టిండియను.

అంతే. తండ్రి పేరు లేదు, వయస్సు లేదు, ఊరు లేదు, ఓడ లేదు. అమెరికాలో కాలుపెట్టిన భారతీయులలో కాగితం మీద మనకు కనిపించే మొదటివాడు ఇతడే.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ఇండియన్ అంటే ఆ దేశపు మూలవాసులు కారా అని. అవును, వర్జీనియా కాగితాలలో ఇండియన్ అంటే పౌహాటన్ వంటి తెగలవారు. వారికీ మనకూ తేడా తెలియడానికే గుమాస్తాలు ఈస్టిండియను, అంటే తూర్పు ఇండియా మనిషి, అని ప్రత్యేకించి రాసేవారు. టోనీ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదని చెప్పనక్కరలేదు. పోర్చుగీసువారి ఆంటోనియో నుండి వచ్చిన పిలుపు అయివుండవచ్చు. మన తీరాలలో పోర్చుగీసువారు నూరేళ్ళకు పైగా వ్యాపారం చేస్తూ, బానిసలను కొంటూ, వారికి బాప్తిస్మపు పేర్లు పెడుతూ ఉండేవారు.

అతడు అక్కడిదాకా ఎలా పోయివుంటాడు? ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో కోఠీ పెట్టింది. 1626లో నెల్లూరు తీరాన దుర్గరాజపట్నంలో మరొకటి పెట్టింది. ఇంగ్లీషువారు దానిని ఆర్మగాన్ అనేవారు. చెన్నపట్నం ఇంకా పుట్టలేదు, అది 1639 నాటి మాట. అంటే 1635కు ముందు తూర్పు తీరంలో కంపెనీవారి ముఖ్యమైన మకాములు మన తెలుగు రేవులలోనే ఉన్నాయి. పడమటి తీరంలో సూరతు ఉన్నది. 1630 నుండి 1632 దాకా గుజరాతును, దక్కనును మహాక్షామం పీడించింది. గోలకొండ రాజ్యంలోనూ జనం తల్లడిల్లారు. అటువంటి రోజులలో పిల్లలను అమ్ముకున్నవారు, ఓడలలో పనికి ఎక్కినవారు ఎందరో ఉన్నారు. కంపెనీ నావికులు, ఉద్యోగులు తిరిగి పోతూ పనివాళ్ళను లండను తీసుకుపోయేవారు. లండనులో వర్జీనియాకు కూలీలను పంపే దళారులు కాచుకుని ఉండేవారు. దారి ఇలా కలుస్తుంది.

దీనిని బట్టి టోనీ తెలుగువాడని ఈ రచయిత అనడం లేదు. పట్టా ఆ సంగతి చెప్పలేదు. బెంగాలీ కావచ్చు, గుజరాతీ కావచ్చు, తమిళుడు కావచ్చు, తెలుగువాడూ కావచ్చు. బృందా చారి అనే రచయిత్రి 2023లో ‘ది ఈస్ట్ ఇండియన్’ అనే ఇంగ్లీషు నవల ప్రచురించారు. అందులో టోనీని కోరమాండల్ తీరపు పిల్లవానిగా కల్పించారు. నవలకు ఆ స్వేచ్ఛ ఉన్నది. మనకు మాత్రం ఆ ఒక్క పంక్తి చాలు. ఆ పంక్తి ఎందుకు రాశారో ఆలోచించండి. ఒక మనిషిని జ్ఞాపకం ఉంచుకోవడానికి రాయలేదు. 50 ఎకరాలు రాబట్టుకోవడానికి రాశారు. అతని భాష, ఊరు, తల్లి పేరు రాసి ఉంటే మరో ఎకరం రాదు గదా! అందుకని రాయలేదు.

విచారణ లేకుండా మనిషిని బంధించరాదని గవర్నరు ముందు నిలబడి పలికిన వ్యక్తీ, ఈ లెక్క కట్టిన వ్యక్తీ ఒక్కడే. ఆయనకు ఆ రెండింటిలో ఏ వైరుధ్యమూ కనబడి ఉండదు. హక్కులనేవి భూమి ఉన్నవారికి. లేనివాడు ఆ భూమికి కొలత.

ఇద్దరి తరువాతి కథ

మెనిఫీ తరువాతి జీవితం మనకు తెలుసు. హార్వీ ఇంగ్లండులో రాజును ఒప్పించి 1637 జనవరిలో మళ్ళీ గవర్నరుగా తిరిగివచ్చాడు. తనను దింపినవారిని సంజాయిషీ చెప్పుకోమని ఇంగ్లండు పంపించాడు. మెనిఫీ కూడా పోవలసి వచ్చింది. కాని నేరం రుజువు కాలేదు. 1639లో హార్వీయే పదవి పోగొట్టుకున్నాడు. మెనిఫీ ఆలోచనసభలో తిరిగి కూర్చున్నాడు. రాజద్రోహి అనిపించుకుని ఇంగ్లండు పోయినవాడు కూడా ఉత్తచేతులతో తిరిగిరాలేదు. 1638 నాటి పట్టాలో తాను ఇంగ్లండు నుండి వెంట తెచ్చుకున్నానని కొందరు నీగ్రోలను చూపి వారి తలలకు కూడా భూమి రాబట్టాడు. చార్లెస్ సిటీ కౌంటీలో బక్లండ్ అనే పెద్ద తోటకు అధిపతి అయ్యాడు. 1645 చివర వీలునామా రాశాడు. ఆస్తి కూతురికీ, బంధువులకూ పంచి, తనను వెస్టోవర్ చర్చిలో పాతిపెట్టమని కోరాడు. ఎక్కడ పుడమిలో కలిశాడో కూడా తెలుసు.

టోనీ కథ ఆ పంక్తితోనే ఆగిపోయింది.

అతనివంటి వారికి ముందున్న రోజులు ఎటువంటివో మాత్రం చట్టాలు చెబుతాయి. 1619 ఆగస్టులో ఇరవై మందికి పైగా ఆఫ్రికావారిని వర్జీనియా తీరంలో తొలిసారి అమ్మారు. 1640లో ముగ్గురు కూలీలు కలిసి పారిపోయి పట్టుబడ్డారు. ఒకడు హాలెండువాడు, ఒకడు స్కాట్లండువాడు, మూడవవాడు జాన్ పంచ్ అనే ఆఫ్రికావాడు. మొదటి ఇద్దరికీ పని గడువు నాలుగేళ్ళు పెంచారు. జాన్ పంచ్‌కు బ్రతికినంతకాలం చాకిరీ అని తీర్పిచ్చారు. తీర్పు చెప్పిన కోర్టు గవర్నరుదీ, ఆలోచనసభదీ. 1662లో తల్లి బానిస అయితే బిడ్డ కూడా బానిసే అని చట్టం చేశారు. తోటలు పెరిగాయి, గడువు మాత్రం తెల్లవానికే మిగిలింది.

నల్లనివాడు అంటే బానిస అన్న ఈ లెక్కలో మనవారు కూడా చిక్కుకున్నారు. గడువు మీద వచ్చిన ఈస్టిండియనులను యజమానులు బానిసలుగా ఉంచుకోబోయారు. పద్దెనిమిదవ శతాబ్దం మొదటి సంవత్సరాలలోనే వర్జీనియా కోర్టులలో ఈస్టిండియనులు మా గడువు తీరింది, మమ్మల్ని విడిచిపెట్టమని దావాలు వేసిన దాఖలాలు ఉన్నాయి. 1776 జూలైలో, అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఆ నెలలోనే, వర్జీనియా గెజెట్ పత్రికలో ఒక ప్రకటన వచ్చింది. జాన్ న్యూటన్ అనే ఆసియా ఇండియన్ కుర్రవాడు, సుమారు ఇరవై ఏళ్ళవాడు, పారిపోయాడు, పట్టి ఇచ్చినవారికి బహుమతి అని. టోనీ తరువాత నూట నలభై ఏళ్ళకు కూడా మనవాడు కాగితం మీద కనిపించినది యజమానికి అవసరం పడినప్పుడే.

వీరంతా ఏమయ్యారు? ఒక్కొక్కరుగా వచ్చారు. పక్కన తన భాష మాట్లాడేవాడు లేడు. పెళ్ళి చేసుకుంటే ఆఫ్రికావారినో, మూలవాసులనో, పేద ఇంగ్లీషువారినో చేసుకున్నారు. ఒకటి రెండు తరాలలో ఆ జనంలో కలిసిపోయారు. వారి రక్తం నేటి ఎన్నో అమెరికా నల్లవారి కుటుంబాలలో ఉండే ఉంటుంది. భాష, పేరు, దేవుడు మాత్రం దక్కలేదు.

మన కాగితం

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుండి 36 మందిని పోర్ట్ లూయీకి తెచ్చింది. 1835లో ఇక్కడ బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు చేతులు కావలసివచ్చాయి. తరువాత సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఈ ద్వీపంలో దిగారు. వారిలో కోరంగి, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుండి వచ్చిన మన పూర్వీకులు ఉన్నారు. కోరంగి నుండి ఎక్కినందుకే మనలను చాలాకాలం కోరంగీలని పిలిచారు.

మనవారి కాగితం కూడా యజమాని మేలు కోసమే పుట్టింది. దిగినవానికి ఒక అంకె. అంకె లేనిదే తోట దాటరాదు. 1867 చట్టం తరువాత ఫోటో అంటించిన టికెట్టు జేబులో లేకుండా రోడ్డు మీద కనబడితే జైలు. ఒకరోజు పని మానితే రెండు రోజుల కూలి కోత, అదే డబుల్ కట్. మెనిఫీ కాలపు గుమాస్తాకూ ఈ గుమాస్తాకూ మనసులో పెద్ద తేడా లేదు.

కాని కాగితంలో తేడా ఉన్నది. మన రిజిస్టర్లలో అంకెతో పాటు పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఊరు, జిల్లా, ఒంటి మీది పుట్టుమచ్చ రాశారు. పారిపోతే పట్టుకోవడానికే రాసి ఉండవచ్చు. అయినా రాశారు. ఇంకొక తేడా ఉన్నది, అది గుమాస్తా చేతిలోది కాదు. మనవారు పదిమందిగా వచ్చారు. ఒకే క్యాంపులో నలుగురు తెలుగువాళ్ళుంటే చాలు, రాత్రి రామభజన సాగింది. సింహాద్రి అప్పన్నకు దీపం వెలిగింది. ఉగాదికి వేపపూత వెతుక్కున్నారు. 1871లో ద ప్లేవిట్స్ సాయంతో తొమ్మిది వేల మందికి పైగా పాత కూలీలు తమ కష్టాలు చెప్పుకుంటూ అర్జీ పెట్టుకున్నారు. దాని ఫలితంగా రాజ విచారణ సంఘం వచ్చింది. మొర రాజుకు చేరాలని మెనిఫీ అడిగిన హక్కును మన తాతలు కూలీలుగా ఉండే సాధించుకున్నారు. కూడబెట్టిన డబ్బుతో తోటల అంచుల ముక్కలు కొని తామే రైతులయ్యారు. టోనీ తల మీద మెనిఫీకి 50 ఎకరాలు వచ్చాయి. మన తాతలు తమ తలమీద మోసి తమకే అర ఎకరం సంపాదించుకున్నారు. ఏది గొప్పదో పాఠకులే చెప్పాలి.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మా ముత్తాతగారి రిజిస్టరు నకలు మా చేతికి వచ్చినప్పుడు అందరం సంతోషించాం గాని ఊరి పేరు ఎవరికీ అర్థం కాలేదు. గుమాస్తా చెవికి వినబడినట్టు రాశాడు. ఇంగ్లీషులా చదివాం, ఫ్రెంచిలా చదివాం, ఊహూ. చివరకు మా పెద్దమ్మ, చదువు రానిది, ‘ఒరే, అక్షరాలు పలకవద్దు, గట్టిగా పిలిచినట్టు అను’ అన్నది. అన్నాం. రెండవసారి అనగానే ఆమె ఆ ఊరి పేరు చక్కగా పలికింది. వాళ్ళ నాయనమ్మ జోలపాటలో ఆ ఊరు ఉండేదట. డెబ్బై ఏళ్ళు ఆమె దానిని పాటలోని మాట అనుకున్నది గాని ఊరనుకోలేదు.

కాగితం ఒక్కటే ఉండి పెద్దమ్మ లేకపోతే ఆ ఊరు మాకు దక్కేది కాదు. పెద్దమ్మ ఉండి కాగితం లేకపోయినా దక్కేది కాదు. టోనీకి పెద్దమ్మ లేదు. అతని పేరును సరిగా పలికేవారు ఆ ఖండంలో ఒక్కరూ లేకపోయారు.

మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో మన వలస రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. ప్రతి కుటుంబమూ తన అంకెను కనుక్కోవాలి. ఇంట్లో వృద్ధులుంటే వారి పక్కన కూర్చుని ఆ కాగితాన్ని పైకి చదవాలి. తరువాత ఆ పేరును, తండ్రి పేరును, ఊరి పేరును తెలుగు అక్షరాలలో, మన చేతితో, మన పిల్లలకోసం రాసిపెట్టాలి. దొర గుమాస్తా రాసిన పంక్తికి కింద మన పంక్తి ఒకటి ఉండాలి. మెనిఫీ పీచు చెట్లు మూడువందల తొంభై ఏళ్ళ తరువాత కూడా పుస్తకాలలో పూస్తున్నాయి. మన తాతల ఊళ్ళ పేర్లు కనీసం మన ఇళ్ళలో బ్రతకాలి.